రహదారిపై వేగము: లైసెన్సు పరీక్షకు చదువువారితో కొన్ని మాటలు

(మైలవరములో ఎల్.ఎల్.ఆర్. పరీక్షకు సిద్ధపడుచున్న యువతీయువకుల ఎదుట ఒక విశ్రాంత గణితోపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠము)



మీలో కొందరు నా యొద్ద ఎక్కములు నేర్చినవారు. మరికొందరి తండ్రులు నేర్చినారు. బడినుండి విరమించి ఏండ్లు గడచిన పిమ్మట, మరల వచ్చి అంకెలు చెప్పుమని మీరు నన్ను పిలుచుట నాకు సంతోషమే. నేను రవాణా శాఖవాడను కాను, లారీ నడిపినవాడనూ కాను. చాలకాలము స్కూటరు నడిపితిని, చట్టము చదివితిని, కొంత లెక్క కట్టితిని. వానివలన తెలిసినది మీకు చెప్పెదను.

ఎల్.ఎల్.ఆర్. అని మనమందరము పిలుచు లైసెన్సు పొందుటకు ముందు ఒక చిన్న పరీక్ష కలదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమావళిలో 11వ నియమము దీనిని గూర్చినది. రహదారి గుర్తులు, ప్రమాదము జరిగినపుడు డ్రైవరు చేయవలసిన పనులు, కాపలా లేని రైల్వే గేటు దాటుటలో జాగ్రత్తలు, బండిలో ఉంచవలసిన కాగితములు మొదలైన విషయములపై ప్రశ్నలు వచ్చును. నూటికి 60 వంతుల సమాధానములు సరియైనచో చాలును. ఈ లైసెన్సు ఆరు నెలలు చెల్లును. 30 దినములు గడచిన తరువాత బండి నడిపి చూపు పరీక్షకు పోవచ్చును. కారునకు, గేరుల మోటారు సైకిలుకు 18 ఏండ్లు నిండవలెను. లారీ, బస్సు వంటి రవాణా బండ్లకు 20 ఏండ్లు. తల్లిదండ్రుల సమ్మతి ఉన్నచో 50 సీసీకి మించని, గేరులేని చిన్న బండికి 16 ఏండ్లు చాలును. అంతకు లోబడిన పిల్లవానికి తాళము చేతికిచ్చిన తండ్రికి 2019 సవరణ తరువాత మూడు సంవత్సరముల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా విధింపవచ్చును. ఇది ఇక్కడ వెనుక బెంచీలలో కూర్చున్న పెద్దలకొరకు చెప్పుచున్నాను.

ఒక కుర్రవాడు నా యొద్దకు వచ్చి పరీక్ష పుస్తకము చూపినాడు. వేగములన్నియు కంఠస్థము చేసినాడు. "మాస్టారూ, కారుకి నాలుగు లైన్ల రోడ్డు మీద వంద, మామూలు రోడ్డు మీద డెబ్బై. మోటారు సైకిలుకి అరవై, ఆటోకి యాభై. అన్నీ వచ్చేశాయండీ" అనినాడు. "మంచిది నాయనా. బడి వదలిన వేళ గేటు ముందు ఎంత?" అని అడిగితిని. అతడు పుటలు ముందుకు వెనుకకు త్రిప్పి, "ఆ ప్రశ్న ఇందులో లేదండీ" అనినాడు. నిజమే, లేదు. ఆ లేని ప్రశ్నకు సమాధానము వెదకుటకే నేను ఈ సాయంకాలము ఇక్కడికి వచ్చితిని.

ముందుగా పుస్తకములో ఉన్న అంకెల సంగతి చూతము. 1988 నాటి మోటారు వాహనముల చట్టములో 112వ విభాగము వేగపరిమితులను గూర్చినది. దాని క్రింద కేంద్ర ప్రభుత్వము 2018 ఏప్రిల్ 6న ఒక ప్రకటన వెలువరించినది. మీరు వల్లించు అంకెలు అందులోనివి. వానిని గుర్తుంచుకొనుటకు ఒక సులువు చెప్పెదను. ఆటోకు ఎక్కడనైనను 50. ఎక్స్‌ప్రెస్‌వే మీదకి దానిని రానీయరు. మోటారు సైకిలుకు రెండే అంకెలు: మధ్య డివైడరుండి నాలుగు లైన్లున్న దారిమీద 80, తక్కిన దారులమీద 60. సరకు లారీ కూడ అంతే. కారు మాత్రము మెట్లు దిగుచు వచ్చును: ఎక్స్‌ప్రెస్‌వే మీద 120, నాలుగు లైన్ల దారిమీద 100, తక్కిన దారులమీద 70. బస్సుకు అదే క్రమములో 100, 90, 60. ఇవన్నియు గంటకు కిలోమీటర్లు.

పట్టికలో పురపాలక సంఘముల లోపలి దారులకు ఒక వరుస, 'ఇతర దారులు' అని మరొక వరుస కలవు. మన గ్రామముల దారులు ఈ చివరి వరుసలోనివి. విచిత్రమేమనగా రెండు వరుసలలోను అంకెలు ఒక్కటే. జనము క్రిక్కిరిసిన బజారునకు, ఇరుప్రక్కల మామిడితోటలు తప్ప మనిషి కనబడని దారికి పట్టిక ఒకే సంఖ్య చెప్పుచున్నది. దీనినిబట్టియే మీరు ఒక సంగతి గ్రహింపవలెను. అది ఇంతకు మించరాదని చెప్పుటయే గాని, ఇంత వేగముతో పొమ్మని చెప్పుట కాదు. ఇంటికప్పు పది అడుగుల ఎత్తున ఉన్నదని మనము పది అడుగులు ఎగురము గదా!

ఈ అంకెలు శిలాశాసనములును కావు. 2018 ప్రకటన అంతకు ముందున్న పరిమితులను పెంచినది. 2021లో మద్రాసు హైకోర్టు, వేగము పెరిగినకొలది ప్రాణనష్టము పెరుగునని తలచి, ఆ ప్రకటనను కొట్టివేసినది. కనుక పరీక్షకు పోవు దినమున చేతిలో పాత పుస్తకము కాక, రవాణా శాఖవారు ఆనాడు ఇచ్చుచున్న ప్రశ్నావళి ఉండవలెను. పరిమితుల మీద తగవు మన దేశమున పుట్టినది కాదు. 1865లో ఇంగ్లండులో, దారిమీద నడచు యంత్రపు బండ్లు ఊరిబయట గంటకు నాలుగు మైళ్లు, ఊరిలో రెండు మైళ్లు దాటరాదని చట్టము చేసినారు. బండికి ముందు ఒక మనిషి నడువవలెనని కూడ విధించినారు. 1896లో కెంటు జిల్లాలోని ప్యాడక్ వుడ్ అను ఊరిలో వాల్టర్ ఆర్నాల్డ్ అనువాడు గంటకు ఎనిమిది మైళ్ల వేగముతో పోయినాడు. పోలీసు కానిస్టేబులు సైకిలుపై తరిమి పట్టుకొనెను. వేగమునకు గాను ఒక షిల్లింగు జరిమానా పడెను. ఎనిమిది మైళ్లనగా సుమారు 13 కిలోమీటర్లు. నేడు మన పిల్లలు సైకిలు మీద అంతకన్న వేగముగా పోవుదురు. అదే సంవత్సరమున ఆ దేశము తన పరిమితిని 14 మైళ్లకు పెంచినది.

చట్టములు పరిమితిని పెంచవచ్చును, తగ్గింపవచ్చును. బండి ఆగుటకు పట్టు దూరము మాత్రము ఏ ప్రకటనకును లోబడదు. ఇక్కడ కొంచెము సేపు నిలిచెదను. పలక బలపములు అక్కరలేదు, మనస్సులో కట్టుడు.

36 అను సంఖ్యను పట్టుకొనుడు. గంటకు 36 కిలోమీటర్లనగా సెకనుకు 10 మీటర్లు. 72 అనగా సెకనుకు 20 మీటర్లు. గంటకు 60 కిలోమీటర్లతో పోవు మోటారు సైకిలు సెకనుకు సుమారు 17 మీటర్లు పోవుచున్నది. ఎదుట ఒక బిడ్డ దారిమీదకి వచ్చినది. కన్ను చూచి, మనస్సు గ్రహించి, కాలు బ్రేకుమీద పడుటకు ఎంత చురుకైనవానికైనను సుమారు ఒక సెకను పట్టును. అలసినవానికి, ఫోనులో మాటలాడువానికి ఇంకను ఎక్కువ. ఆ సెకనులో బండి ఏమాత్రము తగ్గక 17 మీటర్లు పోయినది. అప్పుడు బ్రేకు పడును. పొడి తారురోడ్డు, మంచి టైర్లు, మంచి బ్రేకులు అయినచో ఇంకొక 23 మీటర్లకు ఆగును. మొత్తము 40 మీటర్లు. బయటికి వెళ్లిన పిమ్మట దారి అంచున పెద్ద అడుగులు ఒక యాభై వేసి చూడుడు. 40 మీటర్లనగా ఎంతో కంటికి తెలియును.

ఇప్పుడు అదే చోట 80తో వచ్చుచున్న మరొక బండిని ఊహింపుడు. మొదటి సెకనులో 22 మీటర్లు. బ్రేకు పడిన తరువాత 41 మీటర్లు. మొత్తము 63. వేగము పెరిగినది మూడవవంతు. బ్రేకు వేసిన తరువాతి దూరము మాత్రము రెండింతలకు చేరువైనది. ఎందుకనగా బండిలోని చలనశక్తి వేగముతో సమముగా పెరుగదు, వేగము యొక్క వర్గముతో పెరుగును. ఎనిమిదవ తరగతిలో మీరు వర్గములు చేయుచు, "మాస్టారూ, ఇవి ఎందుకు పనికివస్తాయండీ?" అని నన్ను అడిగెడివారు. ఇందుకు పనికివచ్చును.

ఈ లెక్కలో అసలు సంగతి ఇంకొకటి ఉన్నది. ఇద్దరును ఒకే చోట బిడ్డను చూచిరి. ఇద్దరును ఒక్క సెకనులోనే బ్రేకు వేసిరి. 60తో వచ్చినవాని బండి సరిగా బిడ్డ ముందర ఆగినది. 80తో వచ్చినవాడు ఆ బిడ్డ నిలిచిన చోటికి చేరునప్పటికి అతని వేగమెంత? నేను మొదట కట్టినపుడు పొరబడితినేమో అని మరల కట్టితిని. సుమారు 60. అనగా మొదటి బండి కదలక నిలిచియున్న చోట రెండవ బండి ఇంకను గంటకు 60 కిలోమీటర్లతో పోవుచున్నది. 20 కిలోమీటర్ల తేడా అనుకొంటిమి. బిడ్డ దగ్గర అది 20 కాదు, 60 అయినది. ఈ ఒక్క లెక్క మీకు గుర్తున్నచో, నేను చెప్పిన తక్కినదంతయు మరచినను నాకు విచారము లేదు.

ఇదంతయు పొడిదారి లెక్క. వానకు తడిసి టైరుపట్టు సగమైనచో బ్రేకు దూరము రెండింతలగును. తొలకరిలో ధూళి, నూనె కలిసి జారు దారి మీకు తెలిసినదే. బ్రేకులు లేని ట్రక్కును వెనుక తగిలించుకొన్న ట్రాక్టరుకు ఈ దూరములు చాలవు. ఇక మొక్కజొన్న, ధాన్యము ఆరబోసిన దారి సంగతి. కోపగింపకుడు, నేనును రైతుబిడ్డనే. కళ్లము లేనివాని కష్టము నాకు తెలియును. కాని సగము దారి గింజలతో నింపి, అంచున రాళ్లు పేర్చి, చీకటిపడిన తరువాత వానిని తీయక పోయినచో, లెక్క కట్టి జాగ్రత్తగా వచ్చు పిల్లవాడు కూడ పడును. గింజలమీద టైరుకు పట్టుండదు.

"మాస్టారూ, కాలం కలిసి వస్తుంది గదా" అని మీరు అనవచ్చును. అదియు చూతము. 30 కిలోమీటర్ల దారి అనుకొందము. ఇక్కడినుండి కొండపల్లివైపు దిగు దారిని తలచుకొనుడు. ఎక్కడను ఆగక 60తో పోయినచో అరగంట. 80తో పోయినచో ఇరువదిరెండున్నర నిమిషములు. లాభము ఏడున్నర నిమిషములు, అదియు ఎదుట గేదె గాని, బస్సు గాని, మలుపు గాని లేనప్పుడు. ఉన్నచో రెండు మూడు నిమిషములు. విజయవాడలో టీ త్రాగుటకు అంతకన్న ఎక్కువ పట్టును.

కారు నడుపబోవువారికి ఒక హెచ్చరిక. హైదరాబాదునుండి 65వ నంబరు జాతీయ రహదారిమీద గంటలకొలది 90, 100తో వచ్చి, ఇబ్రహీంపట్నము వద్ద మన 30వ నంబరు దారికి తిరిగినవానికి 60 అనగా నడచుచున్నట్లు తోచును. కన్ను పెద్ద వేగమునకు అలవాటుపడి చిన్న వేగమును వేగముగానే ఎంచదు. డివైడరు లేని చోట్ల అదే కన్నుతో ఎదురు లారీ దూరమును అంచనా వేసి ముందు బండిని దాటబోవుదురు. దారి మారినపుడు మీ శరీరమును అడుగకుడు. స్పీడోమీటరు ముల్లును చూడుడు.

గుర్తుల విషయమై పరీక్షలో చాలమంది తడబడునది ఆకారముల దగ్గర. ఎర్ర అంచుగల గుండ్రని బోర్డు నిషేధమును గాని పరిమితిని గాని తెలుపును. దానిలో 40 అని ఉన్నచో 40 దాటరాదు. నీలి గుండ్రని బోర్డు తప్పక చేయవలసినది చెప్పును; దానిలోని అంకె కనీస వేగము. రెండును గుండ్రనివే గనుక రంగు చూడక సమాధానము వ్రాయకుడు. ఎర్ర అంచుగల ముక్కోణము హెచ్చరిక: బడి, ఇరుకు వంతెన, మలుపు, పశువులు, మిట్ట. ముక్కోణములో అంకె ఉండదు. అంకె మీరే వేసికొనవలెను. నా కుర్రవాడు వెదకిన ప్రశ్న ఇదిగో, ఈ ముక్కోణములో ఉన్నది.

సమాధానము చెప్పెదను. 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోములో ప్రపంచ దేశముల ప్రతినిధులు కూడి చేసిన ప్రకటనలో, నడచువారు, సైకిలువారు, మోటారు బండ్లు కలిసి తిరుగు చోట్ల 30 కిలోమీటర్లు గరిష్ఠ వేగముగా ఉండవలెనని కోరినారు. మన లెక్క వేయుడు. 30తో పోవు బండి మొదటి సెకనులో ఎనిమిది మీటర్లు, బ్రేకుతో ఆరు, మొత్తము 14 మీటర్లలో ఆగును. 60తో పోవుదానికి 40 కావలెను. బడిగేటునుండి పిల్లవాడు బంతి వెంట పరుగెత్తి వచ్చునపుడు మీకు దొరకునది 14 మీటర్లా, 40 మీటర్లా? ఆ ఊరివారే చెప్పగలరు.

ఆ 30 ఊరకే సలహాగా మిగులనక్కరలేదు. 112వ విభాగములోనే, ప్రజల క్షేమమును గాని దారి, వంతెనల స్వభావమును గాని బట్టి రాష్ట్ర ప్రభుత్వముగాని, అది అధికారమిచ్చినవారుగాని ఒక చోటికి తక్కువ పరిమితి విధించి, బోర్డు నాటింపవచ్చునని ఉన్నది. బోర్డు నాటిన తరువాత అక్కడ పట్టికలోని 70 చెల్లదు, బోర్డులోని అంకెయే చట్టము. కనుక గ్రామసభలో తీర్మానము చేసి, ఏ బడి ముందు, ఏ మలుపువద్ద, ఏ వేళలలో ఇబ్బంది కలుగుచున్నదో వివరముగా వ్రాసి కలెక్టరుగారికి, దారి ఏ శాఖదో ఆ శాఖవారికి, పోలీసువారికి పంపుడు. 'ప్రమాదకరముగా నున్నది' అని మాత్రము వ్రాసినచో కాగితము కదలదు. ఒక వారము సాయంకాలములు కూర్చుండి, బడి వదలువేళ ఎన్ని లారీలు, ఎన్ని బండ్లు పోయినవో లెక్కపెట్టి జతపరచుడు. ఈ పని మీవంటి యువకులకు తగినది. లెక్కపెట్టుట నేర్పినవాడను నేనున్నాను.

దానికి బదులుగా రాత్రికి రాత్రి నాలుగు తట్టల సిమెంటు పోసి స్పీడు బ్రేకరు కట్టుట మన ఊళ్లలో వాడుక. అది మంచి ఉద్దేశముతో చేయు చెడ్డపని. రంగు లేక, బోర్డు లేక, గోడవలె నిటారుగా నున్న ఆ దిబ్బ చీకటిలో మోటారు సైకిలువానిని పడవేయును. వెనుక కూర్చున్న స్త్రీలు ఎందరో అట్లే పడుచున్నారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి కొలత 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు. దానిమీద బండి 25 కిలోమీటర్లతో నెమ్మదిగా దాటగలదు. జాతీయ రహదారిమీద అయితే దానినికూడ సాధారణముగా అనుమతింపరు.

శిక్షల సంగతి ముగించెదను. 2019 సవరణ ప్రకారము అతివేగమునకు తేలిక బండికి వేయి నుండి రెండువేల రూపాయలు, లారీ బస్సులకు రెండువేల నుండి నాలుగువేలు. రెండవసారి తప్పు చేసినచో లైసెన్సును స్వాధీనము చేసికొందురు. అయితే 183వ విభాగములో మన ప్రాంతపు లారీ యజమానులు, మామిడి, మిర్చి వర్తకులు చదువవలసిన మాట ఒకటి ఉన్నది. తన క్రింద పనిచేయువానిచేత అతివేగముగా నడిపించినవాడును శిక్షార్హుడే. పరిమితి దాటక చేరుటకు వీలుకానంత తక్కువ కాలములో సరకు చేర్చవలెనని ఆజ్ఞ ఇచ్చుటయే ఆ నేరమునకు తొలి సాక్ష్యముగా ఎంచబడును. "తెల్లవారేసరికి మార్కెట్లో ఉండాలి" అని ఫోనులో చెప్పి నిద్రపోవువారు ఈ వాక్యము తెలిసికొనవలెను. డ్రైవరు పనికి పోవు పిల్లలారా, మీరును తెలిసికొని, మర్యాదగా ఆయనకు చెప్పుడు. మరొకటి: ఒకే సాక్షి కంటితో చూచి వేయు అంచనాపై మాత్రము వేగనేరము నిలువదు, యంత్రముతో కొలచిన ఆధారము కావలెను. స్పీడు గన్ను ఉన్నది అందుకే.

కేంద్ర రవాణా శాఖవారి లెక్కల ప్రకారము 2022లో మన దేశములో రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించినారు. వారిలో నూటికి 71 మంది మరణములకు కారణముగా వ్రాయబడినది అతివేగము. మృతులలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనములవారు. ఈ గదిలో నున్నవారు ఎక్కువమంది ఏ బండి లైసెన్సుకు వచ్చినారో నాకు తెలియును. ఆ అంకెను అందుకే చెప్పితిని.

ఆ కుర్రవాడు పరీక్షలో గెలిచినాడు. ఎర్ర ఎల్ అక్షరము అంటించిన బండితో వచ్చి నాకు చూపినాడు. పుస్తకము చివరి అట్టమీద అతడు పెన్సిలుతో ఒక వరుస చేర్చుకొన్నాడు: 'బడి ముందు 30, ఆగు దూరము 14 మీటర్లు'. ఆ పుస్తకమే ఇప్పుడు ఈ బల్లమీద ఉన్నది, చేతులు మారుచు వచ్చినందున అట్ట చిరిగినది. కావలసినవారు వ్రాసికొనవచ్చును. ఇక మీ ప్రశ్నలు అడుగుడు. ముందు ఆ కిటికీ దగ్గర అమ్మాయి. చాల సేపటినుండి చేయి ఎత్తియున్నది.